తెగులు కథకు దోషి కావాలట!

మోకాళ్ళ నొప్పుల మూలంగా కొంతకాలంగా ఈ పుటలో ఏమీ రాయలేకపోయాను. ఈ టపాకు కారణం మా మనుమరాలు.

దసరా సెలవులకు వస్తూ వస్తూ ఆ పిల్ల ఒక సంచినిండా పాచికలు తెచ్చింది. మనమెరిగిన పాచికలు కావు. ఎనిమిది, పన్నెండు, ఇరవై ముఖాలవి. "మాయాద్యూతమా తల్లీ?" అంటే నవ్వి ఆట సంగతి చెప్పింది. ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ అట. 1974లో అమెరికాలో గేరీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు వెలువరించారు. ఆటగాళ్ళు తలొక పాత్ర ధరిస్తారు: ఒకడు యోధుడు, ఒకతె మంత్రవేత్త, మరొకడు వనదేవతల ఉపాసకుడు. కథ నడిపేవారు ఒకరుంటారు. మన నాటకాల సూత్రధారి వంటి వ్యక్తే గాని, ఈ సూత్రధారికి అంకం ఎలా ముగుస్తుందో ముందు తెలియదు. పాత్రలు ఏం చేస్తామంటాయో, పాచిక ఏం పలుకుతుందో దానినిబట్టి కథ సాగుతుంది. నాకైతే ఇది అవధానానికి దూరపు చుట్టమనిపించింది.

ఈ విడత సూత్రధారిణి మా పిల్లే. కథ సిద్ధం చేసుకొని నాకు వినిపించింది.

"ఒక ఊళ్ళో పంటలు కారణం తెలియకుండా మాడిపోతుంటాయి తాతయ్యా. ఊరిపెద్ద నూరు బంగారు నాణేలిస్తానని వీరులను పిలిపిస్తాడు. కొండకింద గుహలో ఒక మాంత్రికుడు, శాపం తగిలిన ఒక చెట్టు. వాణ్ణి చంపి చెట్టు నరికితే తెల్లవారేసరికి చేలన్నీ పచ్చబడతాయి."

"ఎండిన చేను పచ్చబడదమ్మా" అన్నాను.

ఆ పిల్ల ముఖం చిన్నబోయింది. "దోషి లేకపోతే కథ ఎలా తాతయ్యా?" అన్నది. నిజమే. మన పూర్వులు కూడా దోషి కనబడేటట్లే చెప్పారు. ఈతిబాధలు ఆరన్నారు: అతివృష్టి, అనావృష్టి, మిడతలు, ఎలుకలు, చిలుకలు, పొరుగురాజుల దండు. ఆరూ కంటికి కనబడేవే. తెగులుకు అందులో చోటు లేదు. నలభై ఏళ్ళు పిల్లలచేత ఈ ఆరూ వల్లె వేయించినవాణ్ణి. ఈ లోటు ఏనాడూ తట్టలేదు, ఆ పిల్ల అడిగేదాకా.

రైతులు మాత్రం తెగుళ్ళకు పేర్లు పెట్టడంలో కవులకు తీసిపోరు. వరికి అగ్గితెగులు, మానిపండు, మినుముకు పల్లాకు, జొన్నకు తేనెబంక. నువ్వుచేనుకు వచ్చేది వెర్రితెగులు. పువ్వు పువ్వు కావడం మాని ఆకుల గుత్తిగా మారిపోతుంది. దానికి మూలం అతి అల్పమైన ఒక సూక్ష్మజీవి, మోసుకువచ్చేది ఒక చిన్న పురుగు. ఇవేవీ తెలియని నాడు, పువ్వు ఆకైన చేను చూసిన మనిషి ‘ఎవరో ఏదో చేశారు’ అనుకోవడంలో వింతేమున్నది? ఐర్లండులో 1845లో బంగాళాదుంప తెగులు వచ్చి ఇంచుమించు పది లక్షలమంది కరవు పాలైనప్పుడు పండితులే గాలిని, తేమను తప్పుపట్టారు. ఆకుమీది బూజే కారణమని బర్క్లీ అనే ఆయన 1846లోనే చెప్పినా నమ్మినవారు తక్కువ.

ఇదంతా విని మా పిల్ల "బూజుతో యుద్ధం చేస్తే ఎవరాడతారు తాతయ్యా" అన్నది. అప్పుడు నాకు తెలిసిన తెగులు ఒకటి చెప్పాను.

కృష్ణా డెల్టాలో మా ఊరు. 1975, నేను పదవ తరగతి. సార్వా పంట పాలుపోసుకునే వేళ. మంచి ఏపుమీదున్న చేలలో గుండ్రంగా, చాపంత మేర, ఎవరో నిప్పుపెట్టినట్టు ఎండిపోయింది. నాలుగు రోజుల్లో ఆ చాప కళ్ళమంత అయింది. యూరియా దండిగా చల్లి, నీరు నిండా కట్టి, ఒత్తుగా నాటిన చేలే ముందు పోయాయి. మా నాన్నగారి నాలుగెకరాలు వాటిలో ఉన్నాయి. ఊరంతటిలో పచ్చగా మిగిలినది ఒకే ఒక్క ముప్పాతిక ఎకరం మెరకచెక్క. అది కాలువగట్టు మామ్మది. భర్తా లేడు, బిడ్డలూ లేరు. యూరియా కొనే శక్తి లేదు; పాతరకం విత్తనం; నీరు నిలవని నేల. ఇక చెప్పాలా? ఊరు దోషిని తేల్చేసింది.

మిత్రులారా, అది సుడిదోమ. దుబ్బు మొదట్లో నీటికి పైన గుంపులుగా చేరి రసం పీల్చే గోధుమరంగు పురుగు. ఒత్తుగా, బలిసి, తడిసి ఉన్న చేనంటే దానికి ప్రీతి. మందు కొడితే దానిని తినే సాలీళ్ళు ముందు చస్తాయి. మురుగు తీసి చేను ఆరబెట్టడం, నాటేటప్పుడే రెండు మీటర్లకొక కాలిబాట వదలడం: ఈ మాటలు నేడు ప్రతి రైతుకూ తెలుసు.

ఆ ఏడు నేను చూశాను. గేదెను తోలుకువస్తూ మడిలో దిగి దుబ్బు విడదీశాను. పొట్టు చల్లినట్టు పురుగులు పిక్కలమీదికి ఎగబ్రాకాయి. మామ్మ చేలోనూ దిగి చూశాను. అక్కడ ఒకటీ అరా తప్ప లేవు. నాన్నగారితో చెప్పాను. "పెద్దల మాటల్లో నీకేం పని?" అన్నారు. రచ్చబండ దగ్గర మామ్మను నిలబెట్టిన రోజున నేను అక్కడే, మర్రి ఊడ పట్టుకొని నిలుచున్నాను. నోరు విప్పలేదు.

ఆమె పంట కోతకు ఒక్కరూ పోలేదు. సంక్రాంతి లోపల ఊరు విడిచిపోయింది. ఆ మెరకచెక్కను మరుసటి ఏడు మా నాన్నగారే చవకగా కొన్నారు. నా పండిత శిక్షణకు కట్టిన రుసుము దానిమీద వచ్చిన రాబడే.

మా పిల్ల చాలాసేపు మాట్లాడలేదు. తరువాత మాంత్రికుణ్ణి, చెట్టును కొట్టివేసి, కాగితంమీద వలయాలు గీసింది. పురుగులు కనబడడానికి ఇరవై ముఖాల పాచికలో ఎంత పడాలని అడిగింది. దానికి పాచిక పెట్టవద్దన్నాను. బురదలో దిగి దుబ్బు విడదీసిన ఎవరికైనా కనబడాలి.

మొదటి విడత ఆట ముగిసిందని మొన్న ఫోను చేసింది. ఆడినవారు నలుగురు. ఊరిపెద్ద దగ్గర నాణేలు పుచ్చుకొని నేరుగా ముసలమ్మ ఇంటికి పోయారట. వనదేవతల ఉపాసకుడొకడు దారిలో ఆగి చేలోకి దిగుతానన్నాడట గాని, మిగిలినవారు పొద్దుపోతున్నదన్నారట. ఇల్లు తగులబెట్టారు. చేలు పచ్చబడలేదు. "ఇప్పుడేం చేయాలి తాతయ్యా, వాళ్ళు నన్ను తిడుతున్నారు" అన్నది.

వచ్చే ఆదివారం రెండవ విడత. ఊరిపెద్దకు పదిహేనేళ్ళ కొడుకొకణ్ణి చేర్చమన్నాను. అడిగితే చెబుతాడు, వానికీ పాచిక వద్దన్నాను.