రబ్బరు గొట్టాల సంగతి

కారును గురించి మాట్లాడేవాళ్లు ఇంజను బలం చెబుతారు, రంగు చెబుతారు, లీటరుకు ఎన్ని కిలోమీటర్లు పోతుందో చెబుతారు. రబ్బరు గొట్టాల ఊసు మాత్రం ఎవరూ ఎత్తరు. జానెడు పొడవున్న ఆ గొట్టం కాస్తా పగిలిందంటే ఎంత బలమున్న ఇంజనూ దారి పక్కన పొగలు కక్కుతూ నిలబడవలసిందే.

మా ఇంట్లో ఉన్నది 1977 నాటి అంబాసిడర్. మా నాయన దాన్ని పాతదిగానే కొన్నారు. ఉత్తరపార కార్ఖానాలో ఆ కార్ల తయారీ 2014లో నిలిచిపోయింది. నాయన పోయిన తర్వాత బండి నా పాలికి వచ్చింది. పాలికి వచ్చిందంటే ఆస్తిగా వచ్చిందని కాదు, పనిగా వచ్చిందని. కోయంబత్తూరులో మావంటి తెలుగు కుటుంబాలలో యంత్రాల పిచ్చి కొత్తేమీ కాదు. 1920లో పొల్లాచి నుంచి పళనికి ఒక్క బస్సుతో మొదలుపెట్టి పెద్ద రవాణా సంస్థను నడిపిన జి.డి.నాయుడుగారు ఈ ఊరివారే గదా. ఆయన పేరు చెప్పుకొని, స్క్రూడ్రైవరు సరిగా పట్టుకోవడం రానివాళ్లు కూడా ఇక్కడ ఇంజనీర్లలాగే మాట్లాడుతారు.

మొన్న మా చిన్నమ్మ కూనూరులో జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకుంది. ఆపరేషను అయింది, లేవలేదు. అమ్మకు ఎనభై ఒకటి. చెల్లెలిని చూడకుండా నిలవలేనంటుంది. బస్సెక్కితే కల్లార్ దాటకముందే వాంతులు. "మన బండిలో ముందు సీట్లో కూర్చుంటే నాకేమీ కాదురా" అన్నది. బెంగుళూరు నుంచి అన్న ఫోనులో, "ఆ డొక్కును అమ్మేసి టాక్సీ మాట్లాడరా, కొండమీద అమ్మను పెట్టుకొని ఆగిపోతే ఏంచేస్తావు?" అన్నాడు. అన్న మాటలో న్యాయం లేకపోలేదు. మేట్టుపాళయం నుంచి కూనూరు దాకా పధ్నాలుగు కొండమలుపులు. ఆ ఎక్కుడంతా రెండో గేరులోనో, మూడో గేరులోనో పోవాలి. ఇంజను గట్టిగా తిరుగుతుంది, బండి మెల్లగా పోతుంది, రేడియేటరుకు ఎదురుగాలి తక్కువ. అంతేకాదు, ఎత్తు పెరిగేకొద్దీ నీళ్లు తక్కువ వేడికే మరుగుతాయి. కూనూరు సముద్రమట్టానికి 1,850 మీటర్ల ఎత్తులో ఉంది. అక్కడ తెరిచిన గిన్నెలో నీళ్లు దాదాపు 94 డిగ్రీలకే మరిగిపోతాయి. చిన్నమ్మ ఇంట్లో పప్పు ఎంతసేపటికీ ఉడకదని అమ్మ ఊరికే అనలేదు.

రేడియేటరు మూతలో స్ప్రింగు ఉండేది ఇందుకే. అది లోపలి ఆవిరిని అణిచిపెట్టి ఒత్తిడి పెంచుతుంది. చదరపు అంగుళానికి ఒక్క పౌను ఒత్తిడి పెరిగితే మరిగే వేడి సుమారు ఒకటిన్నర డిగ్రీ పైకి పోతుంది. ఏడు పౌన్ల మూత ఉంటే పది డిగ్రీల పైచిలుకు లాభం. అయితే ఆ ఒత్తిడినంతా భరించవలసింది ఎవరు? ఈ రబ్బరు గొట్టాలే. ఎక్కడ చిన్న చీలిక ఉన్నా ఒత్తిడీ పోయె, నీళ్లూ పోయె.

శనివారం పొద్దున బానెట్ ఎత్తి చూశాను. పై గొట్టం చివర క్లిప్పు పక్కన పచ్చటి మరక, తడి. మేస్త్రీ వచ్చి చూసి, "తమ్ముడూ, ఇదొక్కటే పోయింది, మిగతావి గట్టిగానే ఉన్నాయి, ఎందుకు దండుగ?" అన్నాడు అరవంలో. ఆయన మంచివాడు, నా జీతం తెలిసినవాడు. కాని గొట్టం పైకి గట్టిగా కనిపించడం వేరు, గట్టిగా ఉండడం వేరు. రబ్బరు వేడికీ, నూనెకూ, గాలికీ పైనుంచి బిరుసెక్కి పగులుతుందన్నది అందరికీ తెలుసు. లోపలినుంచి కూడా చెడుతుందన్నది చాలామందికి తెలియదు. ఇంజను ఒక లోహం, రేడియేటరు మరొక లోహం, మధ్యన కూలెంటు నీళ్లు. అంతా కలిసి బాటరీలాగా సన్నని విద్యుత్తు పుడుతుంది. అది గొట్టం లోపలి పొరలో, ముఖ్యంగా రెండు చివరలా, నెర్రెలు పుట్టిస్తుంది. అందుకని మధ్యలో నొక్కి చూసి సంతోషించకూడదు. క్లిప్పుకు ఒకటి రెండు అంగుళాల దూరంలో బొటనవేలితో, చూపుడువేలితో పిసికి చూడాలి. నడుమ భాగంకంటే అక్కడ మెత్తగా తగిలితే దాని ఆయువు తీరినట్టే.

కింది గొట్టాన్ని అలా పిసికితే నా వేళ్లు కలుసుకున్నాయి. ఇది నీళ్లను పంపు వైపు పీల్చే గొట్టం. మెత్తబడితే ఇంజను వేగంగా తిరిగినప్పుడు పీల్పుకు చప్పిడిగా అతుక్కుపోతుంది. ఇంటి ముందు నిలిపి చూస్తే ఏ జబ్బూ కనిపించదు, దారిలో మాత్రం మరుగుతుంది. వైద్యుడి ముందు దగ్గని రోగి వంటిది. అన్నీ మార్చాలన్నాను. మేస్త్రీ తల ఊపాడు.

గాంధీపురం దగ్గర అంగడిలో, "అసలు కంపెనీ సరుకు సార్, ఇప్పుడు దొరకదు" అని దుమ్ము దులిపి ఒక గొట్టం చేతికిచ్చారు. కాగితం చీటీ కూడా చెక్కుచెదరలేదు. ఎన్నేళ్లు ఆ అటకమీద ఉందో! రబ్బరు పచ్చడి కాదు, జాడీలో ఊరితే రుచి పెరగడానికి. వాడకపోయినా ముసలిదవుతుంది. వంచి చూస్తే వంపులో సన్నటి గీతలు కనిపించాయి. వెనక్కి ఇచ్చి, కొత్తగా చేసిన ఇ.పి.డి.ఎం. రబ్బరు గొట్టాలు తీసుకున్నాను. ఆ రబ్బరు వేడినీళ్లకు చాలా మంచిది. పెట్రోలుకు మాత్రం పనికిరాదు, ఉబ్బిపోతుంది. పెట్రోలు గొట్టం వేరే కొనాలి. ఇప్పుడు పెట్రోలులో ఇరవై పాళ్లు ఇథనాలు కలిసి వస్తున్నది. పాతకాలపు రబ్బరుకు అది పడదు. అందుకే ఇథనాలుకు తట్టుకొనేదేనని గొట్టంమీది అచ్చు చదువుకొని మరీ తీసుకున్నాను. నీళ్లు కారితే బండి ఆగుతుంది. పెట్రోలు కారితే అంటుకుంటుంది. లోభం చూపవలసిన చోటు అది కాదు.

విప్పే పని నేనూ మా అబ్బాయీ చేశాము. ఇంజను పూర్తిగా చల్లారిందాకా మూత ముట్టుకోవద్దని వాడికి మూడుసార్లు చెప్పాను. నీళ్లు బేసినులోకి పట్టాము. కూలెంటు తియ్యగా ఉంటుంది, విషం. వీధికుక్కలు నాకితే చచ్చిపోతాయి, కాబట్టి నేలమీద పోయకూడదు. పాత గొట్టం రేడియేటరు ముక్కుకు అంటుకొని రాలేదు. వాడు మెలితిప్పబోయాడు. ఆ ముక్కు టంకంతో అతికింది, బలవంతం చేస్తే ఊడి వస్తుంది. గొట్టాన్ని నిలువునా కత్తితో కోసి ఒలిచాము. కింది గొట్టానికి ఒక చివర క్లిప్పు లేదు. రాగి తీగ మూడు చుట్లు చుట్టి, కొసను లోపలికి మడిచిపెట్టి ఉంది. కొస లోపలికి మడవడం మా నాయన అలవాటు, ఎవరి చేతికీ గుచ్చుకోకూడదని. ఏ దారిలో, ఏ రాత్రి కట్టారో! అబ్బాయి దాన్ని పారేయబోతే అమ్మ చెయ్యి చాచింది. కొంగున ముడివేసుకొని లోపలికి పోయింది.

ముక్కులను గరుకు కాగితంతో తోమి, సబ్బునీళ్లు రాసి కొత్త గొట్టాలు ఎక్కించాము. నూనె రాస్తే సులువుగా జారుతుంది గాని రబ్బరును తినేస్తుంది. క్లిప్పులు ముందే తొడగాలి. నీళ్లు నింపి, మూత తీసే ఇంజను నడిపించి, గొట్టాలు పిసుకుతూ గాలి బయటికి పంపాము. కాసేపటికి థర్మోస్టాటు తెరుచుకొని పై గొట్టం ఒక్కసారి వేడెక్కింది. "నాన్నా, ప్రాణం వచ్చినట్టుంది" అన్నాడు వాడు.

ఆదివారం తెల్లవారుజామున బయలుదేరాము. బర్లియార్‌లో ఆపి చూశాను. ఎక్కడా తడి లేదు. అమ్మ ముందు సీట్లో కూర్చొని మలుపులు లెక్కపెడుతూ వచ్చింది. పదమూడు అన్నది, పధ్నాలుగు అని అబ్బాయి వాదించాడు.

మరునాడు పొద్దున చిన్నమ్మ ఇంటి ముందు క్లిప్పులన్నీ మరో అరచుట్టు బిగించాను. వేడికి కొత్త రబ్బరు సర్దుకుంటుంది, ఈ పని తప్పదు. లోపల అక్కచెల్లెళ్లిద్దరూ గుసగుసలు పోతున్నారు. కాసేపటికి అమ్మ గుమ్మందాకా వచ్చి, ఇంకో వారం ఇక్కడే ఉంటానన్నది. నాకు సెలవు లేదు. వచ్చే శనివారం మళ్లీ కొండ ఎక్కాలి.