కందకుర్తిలో జలకన్య

గోదావరి తెలంగాణలో అడుగుపెట్టేది మా నిజామాబాద్ జిల్లా రెంజల్ మండలం కందకుర్తి దగ్గర. మంజీర, హరిద్ర కూడా అక్కడే వచ్చి కలుస్తాయి. ఎండాకాలంలో పోతే నది నడుమ ఉన్న పాత శివాలయం దాకా ఇసుకలో నడిచిపోవచ్చు. వానలు పడి ఎగువన బాబ్లీ బ్యారేజీ గేట్లు ఎత్తారంటే ఆ గుడి మునిగిపోతుంది. సుప్రీంకోర్టు తీర్పు ప్రకారం ఆ గేట్లు జూలై 1 నుంచి అక్టోబరు 28 దాకా తెరిచి ఉంచాలి. వానలు బాగుంటే ఆ నాలుగు నెలలూ మాకు నిండు గోదారే. బతుకమ్మ కూడా ఆ నెలల్లోనే వస్తుంది.

పండుగనాడు పువ్వు తెంపేది, పేర్చేది, పాడేది, చప్పట్లు చరుస్తూ తిరిగేది అంతా ఆడవాళ్ళే. తీరా బతుకమ్మను సాగనంపే వేళకు, నీళ్ళు కాస్త లోతుగా ఉన్నాయంటే చాలు, తాంబాళం ఏ తమ్ముడి చేతికో మేనమామ చేతికో పోతుంది. అతను మోకాళ్ళ దాకా దిగి బతుకమ్మను లోపలికి తోసి, ఖాళీ తాంబాళం తెచ్చిస్తాడు. ఆడపిల్ల పరికిణి అంచు తడవకుండా ఎత్తి పట్టుకుని ఒడ్డున నిలబడుతుంది. "నీళ్ళ దిక్కు పోకు బిడ్డా" అన్న కేక వెనక నుంచి వినిపిస్తూనే ఉంటుంది.

ఇలా ఒడ్డున నిలబడిన పిల్లలే ఇంటికొచ్చి ఫోన్‌లో జలకన్యల యానిమేషన్ సినిమాలు చూస్తారు. సముద్రం ఇక్కడికి వందల కిలోమీటర్ల దూరం. ఆ సినిమాల భాష ఒకసారి హిందీ, ఒకసారి ఇంగ్లిష్. తెలుగు, ఉర్దూ, మరాఠీ మూడూ చెవిన పడే ఊళ్ళలో పెరిగిన పిల్లలకు అదేం అడ్డు కాదు. ఈ సినిమాలంటే పెద్దవాళ్ళకు చిన్నచూపు. గులాబీ రంగు, తళుకులు, బొమ్మలు అమ్ముకునే ఎత్తుగడ అంటారు. బొమ్మలు అమ్మడానికే తీశారన్నది నిజమే. ఆ సన్నని నడుములు చూసి పిల్లలు తమ ఒంటిని తక్కువ చేసుకుంటారేమో అన్న బెంగ నాకూ ఉంది. కానీ పక్కన కూర్చుని చూసినకొద్దీ వీటిలో మన ఆడపిల్లలకు కావలసినది ఒకటి ఉందని నాకు గట్టిగా అనిపిస్తోంది.

ముందు కథ ఎంత దూరం వచ్చిందో చూడాలి. డెన్మార్క్ రచయిత హాన్స్ క్రిస్టియన్ ఆండర్సన్ 1837లో రాసిన జలకన్య కాళ్ళ కోసం నాలుక కోయించుకుంటుంది. వేసే ప్రతి అడుగూ కత్తి మీద నడకే. అంత చేసినా రాకుమారుడు దక్కడు. 1989లో డిస్నీ వాళ్ళు తీసిన 'ది లిటిల్ మెర్మైడ్'లో ఏరియల్ నాలుకకు బదులు గొంతు ఇచ్చేస్తుంది. ఆమెకు గొంతూ తిరిగి వస్తుంది, పెళ్ళీ అవుతుంది. చిన్నప్పుడు చూసినప్పుడు నాకూ అదే గొప్పగా తోచింది. ఇప్పుడు చూస్తే, నచ్చినవాడి కోసం మాట పోగొట్టుకున్న పిల్ల కథ మా ఇళ్ళకు కొత్త కాదే అనిపిస్తుంది.

2010లో వచ్చిన 'బార్బీ ఇన్ ఎ మెర్మైడ్ టేల్' ఈ దారి వదిలేసింది. మెర్లియా అనే పిల్ల తాత దగ్గర పెరుగుతుంది. అలల మీద పలకేసుకుని దూసుకుపోయే సర్ఫింగ్‌లో దిట్ట. పోటీ జరుగుతుండగానే జుట్టు గులాబీ రంగుకు తిరుగుతుంది, నీళ్ళలో ఊపిరి ఆడుతుంది. తల్లి సముద్రంలో ఓషియానా రాజ్యానికి రాణి అనీ, తోడబుట్టినదే ఆమెను చెరపట్టి గద్దె ఎక్కిందనీ అప్పుడు తెలుస్తుంది. కూతురు పోయి తల్లిని విడిపిస్తుంది. ఇందులో రాకుమారుడు లేడు, చివర పెళ్ళి పందిరి లేదు. పని కాగానే మెర్లియా మళ్ళీ సర్ఫింగ్ పోటీకి వస్తుంది. నీళ్ళూ నేలా రెండూ ఆమెవే. 2006 నాటి 'మెర్మైడియా'లో రెక్కలున్న ఎలీనా నీళ్ళలోకి పోవడానికి రెక్కలు వదులుకుంటుంది. మొదట ఆమెను చూసి కుళ్ళుకున్న జలకన్యే దారి చూపి స్నేహితురాలవుతుంది. స్నేహం చేయండి, మీరు వేరుగా ఉన్నా తలదించుకోకండి, నిజం చెప్పండి అని ఈ సినిమాలు చెప్పే మంచి మాటలు బడిలోనూ చెబుతారు. తల్లిని కాపాడే కూతుర్ని మాత్రం పిల్లలు మరెక్కడా అంతగా చూడరు.

మెర్లియా కథలో మా వైపు పిల్లలకు ఇట్టే అర్థమయ్యే విషయం ఇంకొకటి ఉంది. సముద్రానికి ప్రాణమైన మెరీలియా అనే వెలుగును అసలు రాణి వంశం వాళ్ళే పుట్టించగలరు. అది తగ్గితే సముద్రమంతా వడలిపోతుంది. ఈ చెరకు సీమకు ఈ సంగతి ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. మంజీర మీద 1931 నాటికి నిజాంసాగర్ లేచింది, కాలువ పారింది, చెరకు పండింది, ఆ చెరకును నమ్ముకుని బోధన్ శక్కర్‌నగర్‌లో ఫ్యాక్టరీ వెలిసింది. ఆ ఫ్యాక్టరీ 2015 చివర్లో మూతపడింది. బండ్ల కొద్దీ చెరకు తోలిన తాతల కబుర్లు వింటూ పెరుగుతున్న పిల్లలకు, నీళ్ళను చూసుకోవాల్సింది ఒకరుండాలనీ ఆ ఒకరు ఆడపిల్ల కావచ్చనీ ఓ కథ చెబితే మంచిదే కదా.

అయితే నాకు అన్నిటికన్నా విలువైనది మాటల్లో లేదు. అది ఆ ఒంటి కదలికలో ఉంది. చేప తోక అటూ ఇటూ ఆడుతుంది. సినిమా జలకన్య తోక పైకీ కిందికీ ఆడుతుంది, డాల్ఫిన్ ఈదినట్టు. ఈతకొలనుల్లో కోచ్‌లు నేర్పే డాల్ఫిన్ కిక్ కూడా అలాంటిదే: రెండు కాళ్ళూ జోడించి, నడుము దగ్గర మొదలైన అల పాదాల దాకా పోవాలి. ఏరియల్ జుట్టు నీళ్ళలో ఎలా తేలాలో తెలుసుకోవడానికి, 1983లో అంతరిక్షానికి వెళ్ళిన సాలీ రైడ్ జుట్టు అక్కడ తేలిన తీరును బొమ్మలు గీసినవాళ్ళు చూశారట. మా చెల్లె బిడ్డకు ఈ సంగతి చెబితే నోరు తెరిచి విన్నది. విని అడిగిన ప్రశ్న వేరే.

"పెద్దమ్మా, ఈమెకు ఈత ఎవలు నేర్పిన్రు?"

"జలకన్య గదా బిడ్డా, పుట్టుకతోనే వస్తది."

"మరి మనకు?"

మన ఊళ్ళలో మగపిల్లలకు నేర్పేది మోటబాయి. నడుముకు ఎండిన సొరకాయ బుర్రో, లారీ ట్యూబో, ఖాళీ డబ్బానో కట్టి అన్న తోసేస్తాడు. నాలుగు గుక్కల నీళ్ళు తాగి పిల్లాడు తేలతాడు. మెట్ల మీద బట్టలకు కాపలా ఉండేది చెల్లెలు. సత్యవతి కథ మనకు చిన్నప్పుడే చెబుతారు. చేప కడుపున పుట్టి, దాశరాజు ఇంట పెరిగి, యమున మీద పడవ నడిపి జనాన్ని దాటించిన పిల్ల ఆమె. చెప్పేవాళ్ళు గబగబా పరాశరుడి దగ్గరికీ శంతనుడి దగ్గరికీ పోతారు. నది సుడులు ఎరిగి తెడ్డు వేసిన ఆ చేతుల దగ్గర ఎవరూ ఆగరు. నాకైతే అక్కడే ఆగి పిల్లలకు చెప్పాలని ఉంటుంది.

మన ఆడపిల్లల చేత కాదనడానికి లేదు. మన జిల్లా సిరికొండ మండలం పాకాల పిల్ల మాలావత్ పూర్ణ 2014 మే 25న పదమూడేళ్ళకే ఎవరెస్ట్ ఎక్కింది. నిజామాబాద్ నిఖత్ జరీన్ బాక్సింగ్‌లో 2022లో, 2023లో ప్రపంచ విజేత. నీళ్ళ సంగతికొస్తే గోలి శ్యామల ఉన్నారు. సామర్లకోటలో పుట్టి హైదరాబాద్‌లో స్థిరపడిన ఈమె యానిమేషన్ రంగంలో పనిచేసినావిడే. నలభై దాటాక ఈత నేర్చుకున్నారు. 2021 మార్చిలో శ్రీలంక నుంచి ధనుష్కోటి దాకా పాక్ జలసంధిని, సుమారు 30 కిలోమీటర్లు, 13 గంటల 43 నిమిషాల్లో ఈదారు. 52 ఏళ్ళ వయసులో విశాఖపట్నం నుంచి కాకినాడ దాకా 150 కిలోమీటర్లు బంగాళాఖాతంలో ఈదుకుంటూ వచ్చారు. బొమ్మల సినిమాల లోకం నుంచి వచ్చి నిజంగా సముద్రంలోకి దిగిన తెలుగావిడ ఒకరున్నారని తెలిసిన రోజు నేను పొంగిపోయాను. ఆమె ఫోటో చూపిస్తే మా చెల్లె బిడ్డ తోక కోసం వెతకలేదు. "అమ్మకంటే పెద్దది గదా" అన్నది.

బిడ్డకు ఈత నేర్పిద్దామంటే చెల్లెకు భయాలున్నాయి. అన్నీ న్యాయమైనవే. గోదాట్ల దింపితే ఎట్ల, ఇసుక తీసిన గుంతలు పైకి కానరావు గదా అన్నది. నేను గోదారి మాట అనలేదు. ముందు లోతు తెలిసిన కొలను, తర్వాతే మిగతావి. ఈత వచ్చినా నిండు నదిని గౌరవించాలని కూడా నేర్పాలి. ఒంటినిండా బట్ట ఎట్ల అన్నది. మోచేతుల దాకా, మోకాళ్ళ కింది దాకా వచ్చే ఈత దుస్తులు దొరుకుతాయి. నేర్పేది మగాయన అయితే ఎట్ల అన్నది. దీనికి జవాబు ఇవ్వాల్సింది చెల్లె కాదు, నేను కాదు. గురుకులాలు, కస్తూర్బా బడులు నడిపే ప్రభుత్వం ఇవ్వాలి: ఆడ కోచ్‌లను పెట్టాలి, ఆడపిల్లలకు విడిగా ఒక వేళ ఇవ్వాలి, మండలానికి ఒక్క కొలనైనా తవ్వాలి. పూర్ణను ఎవరెస్ట్‌కు పంపగలిగినవాళ్ళకు ఇది కష్టం కాదు. అప్పటిదాకా కొలను కోసం నిజామాబాద్ పోక తప్పదు.

రెంజల్ నుంచి పొద్దున బస్సు పట్టుకుని పోయి రావాలంటే బిడ్డ వెంట ఎవరో ఒకరు ఉండాలి. ఊరికే ఒడ్డున కూర్చుంటే నడుములు పట్టుకుపోతాయి గాని, నువ్వు కూడా పేరు రాయించు అన్నాను చెల్లెతో. నవ్వలేదు, కొట్టిపారేయలేదు. "ఎండాకాలం సెలవులు ఎప్పటిసంది?" అని అడిగింది.