ఇంకెన్ని రోజులు?

మూడేళ్ళ తర్వాత అబ్బాయి డల్లాస్ నుంచి వస్తున్నాడంటే ఇల్లు ఇల్లులా ఉంటుందా చెప్పండి! 2024 డిసెంబరు 2, సోమవారం సాయంత్రం ఆరింటికి, 20వ తేదీకి ఇంకెన్ని రోజులన్న దానిమీద ఎర్రగడ్డలో మా ఇంట్లో పెద్ద రభసే జరిగింది. ఆయన ఇరవైలోంచి రెండు తీసేసి 18 అన్నారు. నేను పురుడు లెక్కపెట్టినట్టు ఆ రోజునీ కలుపుకుని 19 అన్నాను. మా ఆడపడుచు కూతురు కంప్యూటర్లో ప్రోగ్రాం రాసి 17 అని తేల్చింది!

ఆ పిల్ల మా ఇంట్లోనే ఉండి అమీర్‌పేటలో కోర్సు చదువుతోంది. 2017లో మెట్రో వచ్చాక మాకు మూడో స్టేషనేగా. అంత ఫీజు పోసి నేర్చుకున్నది ఇదా అన్నాను. నా నోరు ఊరుకోదు.

"అది కాదత్తయ్యా! దీనికి తెలిసిందల్లా 1970 జనవరి 1 నుంచి ఎన్ని సెకన్లు గడిచాయన్నదే. ఆ రోజు లెక్కలోంచి ఇప్పటి లెక్క తీసేసి, రోజుకి 86,400 చొప్పున భాగిస్తే 17 రోజుల పదకొండున్నర గంటలు వచ్చింది. నిండని రోజుని వదిలేసింది."

ఎదురుచూసేవాళ్ళకి పదకొండున్నర గంటలు చిల్లరా! 1970లో నేను పలకా బలపం పట్టుకు తిరిగేదాన్ని. అప్పణ్ణించీ లెక్కపెడుతూ ఇక్కడికొచ్చి ఇలా వదిలేయడమేమిటి?

ఈయన ఊరుకోలేదు. "అర్ధరాత్రికైతే ఆరు గంటలే మిగలాలి. ఆ అయిదున్నర ఎక్కడిదే?" అన్నారు.

పిల్ల నాలుక కరుచుకుంది. తేదీ రాసి వేళ రాయకపోతే, అది గ్రీనిచ్ అర్ధరాత్రి అనుకుంటుందట. మనకప్పుడు పొద్దున్న అయిదున్నర.

"విమానం దిగేది తెల్లవారుజామున రెండున్నరకి కదే!" అన్నాను. అంటూనే నా గుండె జారిపోయింది. తెల్లారితేగాని మనకి రోజు మారదాయె! శుక్రవారం రెండున్నరంటే శుక్రవారం రాత్రి అనుకుని, గురువారం రాత్రి తీరిగ్గా మినప్పప్పు నానబోద్దామనుకున్నాను. తీరా శంషాబాద్ వెళ్ళాల్సింది గురువారం రాత్రే! వాడు మూడేళ్ళకి దిగి, చంటిపిల్లతో మాకోసం దిక్కులు చూస్తూ నిలబడేవాడన్నమాట.

పిల్ల వేళ రాసి, మన అయిదున్నర గంటల తేడా కూడా కలిపింది. 17 రోజుల ఎనిమిదిన్నర గంటలని వచ్చింది. ఆ పక్కన సెకన్లు తరుగుతూంటే చూస్తూ కూర్చుని, చెప్పొద్దూ, పాలు పొంగబెట్టాను.

"తిరుగు ప్రయాణం ఎప్పుడో చెప్పత్తయ్యా, దానికీ ఒకటి రాసిపెడతాను" అంది పిల్ల.

వినపడనట్టు పొయ్యి తుడుచుకున్నాను.