జులై ఒకటిన చేరేవాళ్లు

కెనడా యూనివర్సిటీల్లో కొత్త ప్రొఫెసర్ ఉద్యోగం చాలాచోట్ల జులై ఒకటి నుంచి లెక్కలోకి వస్తుంది. ఆ రోజు కెనడా డే, దేశమంతా సెలవు. అంటే మనిషి చేరేది తాళం వేసిన ఆఫీసులో. జాయినింగ్ రిపోర్టు పట్టుకుని ప్రిన్సిపాల్ గది ముందు నిలబడటం, పాతాయన దగ్గర చార్జి తీసుకోవడం చూసి పెరిగిన మనకి ఇదో వెలితి. వెళ్లేవాళ్లకి శాలువా లేదు, దండ లేదు. స్టాఫ్ రూములో ఓ కేకు, అందరూ సంతకాలు పెట్టిన కార్డు, పావుగంట కబుర్లు, అంతే. నిజం చెప్పొద్దూ, మన సన్మాన సభల్లో నాలుగో వక్త మైకు అందుకునే వేళకి ఆ కేకే నయమనిపిస్తుంది.

సోషల్ వర్క్ స్కూల్లో ఈ రాకపోకలకి ఇంకో తమాషా ఉంది. అక్కడ వీడ్కోలు ఒక పాఠం. సాయం కోరి వచ్చిన మనిషికి ఈ పని ఎన్నాళ్లో మొదట్లోనే చెప్పాలి, చివరి వారాల్లో మళ్లీ గుర్తుచేయాలి, తర్వాత ఎవరి దగ్గరికి వెళ్లాలో పేరు చెప్పి మరీ అప్పగించాలి. చెప్పాపెట్టకుండా మాయం కావడం తప్పు. ఇంత చక్కగా పాఠం చెప్పే చోటే, ఆఫీసు మనిషి మానేస్తున్న సంగతి శుక్రవారం మధ్యాహ్నం ఈమెయిల్లో తెలుస్తుంది. సోమవారానికి ఆ కుర్చీ ఖాళీ.

ప్రొఫెసర్ వెళ్తే పెద్ద ఇబ్బంది లేదు. టర్ముకింతని జీతమిచ్చే సెషనల్ లెక్చరర్‌ని పెట్టుకుంటారు, పాఠం నడుస్తుంది. ఫీల్డ్ ప్లేస్‌మెంట్లు చూసే మనిషి వెళ్తేనే అసలు తంటా. గుర్తింపు నిబంధనల ప్రకారం ఇక్కడ బీఎస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్ డిగ్రీ) విద్యార్థి కనీసం 700 గంటలు బయట సంస్థల్లో పనిచేయాలి. షెల్టర్లు, ఆస్పత్రులు, బడులు, పిల్లల సంరక్షణ కార్యాలయాలు. అక్కడ విద్యార్థిని వెంట తిప్పుకుని పని నేర్పే సూపర్‌వైజర్‌కి చాలావరకు దమ్మిడీ ముట్టదు. అంతా మొహమాటం మీద నడిచే వ్యవహారం. ఆ మొహమాటం యూనివర్సిటీ మీద ఉండదు, ఫోన్ చేసే మనిషి మీద ఉంటుంది. ఫలానా షెల్టర్ ఆవిడ మెయిల్ చూడదు, పొద్దున్నే ఫోన్ చేస్తే ఎత్తుతుంది. ఫలానా ఆస్పత్రి వాళ్లకి సెప్టెంబరు సంగతి వసంతంలోనే చెవిన వేయాలి. ఆ ఊరి చివరి సెంటర్‌కి సాయంత్రం బస్సులుండవు, కారు లేని పిల్లని, అందులోనూ జనవరిలో, పంపకూడదు. ఇవేవీ కంప్యూటర్లో ఉండవు. కొత్తగా వచ్చినామెకి దొరికేది పేర్ల జాబితా. అందులో సగంమంది ఈపాటికి తామూ ఉద్యోగం మారి ఉంటారు.

చరిత్రకెక్కేది మాత్రం పెద్దల రాకపోకలే. కెనడాలో తొలి సోషల్ వర్క్ స్కూలు 1914లో టొరంటో యూనివర్సిటీలో మొదలైంది. మొదటి డైరెక్టర్ ఫ్రాంక్లిన్ జాన్సన్ అమెరికా నుంచి వచ్చాడు. తర్వాతి రాబర్ట్ మెకైవర్ స్కాట్లాండ్ మనిషి, చివరికి న్యూయార్క్ వెళ్లి అక్కడే పేరు తెచ్చుకున్నాడు. తొలి విద్యార్థుల్లో ఒకరైన ఆగ్నెస్ మెక్‌గ్రెగర్ అక్కడే ఉద్యోగంలో చేరి 1940ల దాకా ఉండిపోయింది. వచ్చి వెళ్లిన డైరెక్టర్లను చూసింది, స్కూలు తొలి పాతికేళ్ల చరిత్ర రాసిపెట్టింది. డైరెక్టర్ల పేర్లు తెలిసినంతగా ఆవిడ పేరు ఎవరికీ తెలియదు.

హ్యారీ కాసిడీ ఇంకో రకం. 1929లో టొరంటోలో పాఠం చెప్పడానికి చేరి, 1934లో విక్టోరియా వెళ్లి బ్రిటిష్ కొలంబియా ప్రభుత్వంలో సంక్షేమ శాఖ నడిపాడు. 1939లో అమెరికాలోని బర్క్‌లీ యూనివర్సిటీకి. 1945లో మళ్లీ టొరంటోకే, ఈసారి డైరెక్టర్‌గా. 1951లో యాభై దాటీ దాటకుండానే చనిపోయాడు. పోయి వచ్చిన మనిషి గనక ప్రభుత్వం లోపల ఫైలు ఎలా కదులుతుందో తెలుసు. ఒకేచోట వేళ్లూనుకున్న ప్రొఫెసర్‌కి ఆ విద్య అబ్బదని నా నమ్మకం.

లెనర్డ్ మార్ష్ కథ అన్నిటికన్నా రంజుగా ఉంటుంది. లండన్ నుంచి కుర్రవాడుగా మాంట్రియల్‌లోని మెక్‌గిల్ యూనివర్సిటీకి వచ్చి నిరుద్యోగం మీద పరిశోధన నడిపించాడు. వామపక్ష మేధావుల సంఘం లీగ్ ఫర్ సోషల్ రీకన్‌స్ట్రక్షన్‌కి అధ్యక్షుడుగానూ ఉన్నాడు. 1941లో కాంట్రాక్టు పొడిగించలేదు, బయటికి రావాల్సివచ్చింది. అప్పుడు మెక్‌గిల్ ప్రిన్సిపాల్ సిరిల్ జేమ్స్. యుద్ధానంతర పునర్నిర్మాణం మీద కేంద్ర ప్రభుత్వం వేసిన కమిటీకి అధ్యక్షుడూ ఆయనే. ఆ కమిటీకి పరిశోధన సలహాదారుగా చేరిందెవరు? మార్షే! ఒక కుర్చీలో కూర్చుని పోనిచ్చిన మనిషి చేత ఇంకో కుర్చీలోంచి పని చేయించుకున్నాడు. 1943 మార్చిలో మార్ష్ ఇచ్చిన సామాజిక భద్రత నివేదిక కెనడా సంక్షేమ వ్యవస్థకి నక్షా లాంటిది. అందులో అడిగిన పిల్లల భత్యం 1945 జులైకల్లా తల్లుల చేతికి అందింది.

యుద్ధం ముగిశాక మార్ష్ వాంకూవర్‌లో బ్రిటిష్ కొలంబియా యూనివర్సిటీ సోషల్ వర్క్ స్కూల్లో చేరాడు. 1950లో ఆ ఊరి స్ట్రాత్‌కోనా పేట ఇళ్ల మీద ఇంకో నివేదిక రాశాడు. ఆ పాత ఇళ్లు పడగొట్టాలన్న మాట అందులో ఉంది, అది తర్వాత ఆ పేట జనంతో పెద్ద తగువైంది. అక్కడా చివరిదాకా సోషల్ వర్క్‌లో ఉండలేదు, విద్యా విభాగానికి మారాడు. కాకపోతే ఈసారి ఊరు మారనక్కర్లేకపోయింది.