జాగ, టికెట్టు, పద్యం: పాలమూరు నాటక ప్రేక్షకుడు

పాలమూరు పద్య నాటకానికి జాగ పట్టుకోవడం తెర లేవడానికి చాలా ముందే మొదలవుతుంది. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు 2016 అక్టోబరు 11న వేర్వేరు జిల్లాలయ్యాయి. అంతకుముందు మూడూ పాలమూరు అని పిలిచే మహబూబ్‌నగర్ జిల్లాలోనివే, నాటకం విషయంలో ఇప్పటికీ ఒకే ప్రాంతం. ఇక్కడ నాటకం ఎక్కువగా ఆరుబయటే ఆడతారు, జాతర మైదానంలోనో, గుడి ముందరో, బడి ఆవరణలోనో. పొద్దు గూకకముందే పిల్లలు చాపలు, గోనెపట్టాలు తెచ్చి వేదిక ముందు పరుస్తారు. పరిచిన చాప మీద మనిషి లేకపోయినా ఆ జాగ ఆ ఇంటిదే. దానికి రసీదు లేదు, నంబరు లేదు, ఊరంతా ఒప్పుకున్న హక్కు మాత్రం ఉంది. పరదేశాల్లో నాటకశాల పటం తెరిచి, వరుస, సంఖ్య చూసుకుని వారాల ముందే సీటు కొనే ప్రవాస తెలుగువారికి ఈ రెండు పద్ధతులూ తెలుసు. రెంటినీ పక్కపక్కన పెట్టి చూస్తే, ప్రేక్షకుడు దేనికి డబ్బిస్తున్నాడన్న ప్రశ్నకు రెండు చోట్లా రెండు జవాబులు దొరుకుతాయి.

కూర్చునే చోటు గురించిన ఆలోచన మన దేశంలో చాలా పాతది. భరతుడి నాట్యశాస్త్రం రెండో అధ్యాయమంతా ప్రేక్షాగృహ నిర్మాణం గురించే. మనుషుల కోసం కట్టే నాటకశాల 64 మూరల పొడవు, 32 మూరల వెడల్పు మించకూడదంటుంది. మూర సుమారు అడుగున్నర కనుక 96 అడుగులు, 48 అడుగులు. అందులో సగం వేదికకు, సగం ప్రేక్షకులకు. అంతకన్నా పెద్దదైతే గొంతు స్పష్టంగా వినపడదు, నటుడి ముఖంలో భావం కనపడదు అని కారణం కూడా చెబుతుంది. ఆసనాలు ఇటుకతోనూ కలపతోనూ మెట్లుమెట్లుగా కట్టాలంటుంది. ఈ గ్రంథాన్ని అభినవగుప్తుడి వ్యాఖ్యతో సహా పరిష్కరించి, 1926లో బరోడా నుంచి తొలి సంపుటం వెలువరించినవారు మానవల్లి రామకృష్ణకవి. ఆయన కొంతకాలం వనపర్తి సంస్థానంలో పనిచేశారు. నాటకశాల కొలతలు చెప్పిన ఈ గ్రంథాన్ని పరిష్కరించిన పండితుడికీ ఈ ప్రాంతానికీ ఉన్న ఆ బంధాన్ని వనపర్తి ఇంకా గట్టిగా గుర్తుపెట్టుకోవాలి.

సంస్థానాల కాలంలో పద్యం వినడానికి టికెట్టు లేదు, పిలుపు ఉండేది. విద్వద్గద్వాల అని పేరు పొందిన గద్వాలలోనూ, వనపర్తిలోనూ, ఆత్మకూరులోనూ పండిత సభలు, అవధానాలు జరిగేవి. సభలో ఎవరు ఎక్కడ కూర్చోవాలో హోదా నిర్ణయించేది. తిరుపతి వేంకట కవులు ఈ సంస్థానాలకు వచ్చి అవధానాలు చేసి సత్కారాలు అందుకున్నారు. ఆ జంటకవుల పాండవ నాటకాల పద్యాలు తరువాతి కాలంలో సభను దాటి జాతర మైదానంలో పడ్డాయి. దర్బారులో కూర్చునే అర్హత లేని రైతు, కూలీ, నేతగాడు అవే పద్యాలను నేలమీద కూర్చుని కంఠతా పట్టారు. తెలుగు సాహిత్యంలో ఇంతకన్నా పెద్ద సీటు మార్పిడి మరొకటి జరగలేదు.

తెలుగు నాటకానికి టికెట్టు తెచ్చింది ఊరూరా తిరిగే కంపెనీలు. 1880లో ధార్వాడ నాటక సమాజం రాజమండ్రిలో పాక వేసి ప్రదర్శనలిచ్చింది. వాళ్లు వెళ్లిపోయాక ఆ పాకలోనే కందుకూరి వీరేశలింగం తన విద్యార్థులతో నాటకం ఆడించారు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో కీచకవధతో మొదలైన వనారస గోవిందరావు సమాజం కుటుంబాలుగా, శాఖలుగా విస్తరించి డేరాలతో ఊళ్లు తిరిగింది. (కొల్లాపురం కేంద్రంగా ఉన్న జటప్రోలు సంస్థానాధీశుల ఇంటిపేరు కూడా సురభే. ఆ వంశానికీ ఈ నాటక సమాజానికీ సంబంధం లేదు.) డేరా కట్టిన చోట నేల, బెంచీ, కుర్చీ అనే మూడు తరగతులు వచ్చాయి.

ఈ తరగతుల వరస సినిమా హాల్లో ఒక రకం, నాటకంలో మరో రకం. సినిమాలో నేల టికెట్టు తెరకు అతి దగ్గర. చవకగా వచ్చినవాడు మెడ ఎత్తి చూడాలి, ఎక్కువ ఇచ్చినవాడు వెనక బాల్కనీలో కూర్చుంటాడు. నాటకంలో కుర్చీలు ముందు, నేల వెనక. తెర మీది బొమ్మ పెద్దది, దూరమైతేనే నిండుగా కనపడుతుంది. వేదిక మీద మనిషి మనిషంతే, దగ్గరైతేనే కన్ను కదలిక తెలుస్తుంది. పైగా మైకు లేని రోజుల్లో ముందు వరుస అంటే పద్యం ప్రతి అక్షరం వినపడే వరుస. అందుకే పాతతరం నటులు హెచ్చు శ్రుతిలో పాడేవారు. చివర కూర్చున్నవాడికి కూడా రాగం అందాలన్నది ఆ గొంతుల సాధన వెనక ఉన్న అవసరం. సురభి నాటకానికి మాత్రం మరీ ముందు కూర్చోవడం కన్నా నాలుగైదు వరుసలు వెనక, నట్టనడుమ కూర్చోవడం మేలు. ఆకాశం నుంచి నారదుడు దిగడం, బాణాలు ఢీకొనడం, మాయాబజారులో వస్తువులు వాటంతట అవే కదలడం వంటివన్నీ తాళ్లతో, కప్పీలతో చేసే పని. పక్కన కూర్చుంటే పనితనం కనపడుతుంది, నడుమ కూర్చుంటే మాయ కనపడుతుంది.

జాతర నాటకంలో ఈ తరగతులు లేవు. మల్దకల్ తిమ్మప్ప, శ్రీరంగాపురం రంగనాయకస్వామి, సింగోటం నరసింహస్వామి, సిర్సనగండ్ల రాముడు వంటి దేవుళ్ల ఉత్సవాలు ఈ మూడు జిల్లాల్లో జనం కలుసుకునే సందర్భాలు. ఈ నేలమీద జాతర రోజులంటే నాటకాల రోజులు కూడా. ఖర్చు చందాలతో గడుస్తుంది. నాటకం రెండు రకాలుగా వస్తుంది. ఒకటి, కంట్రాక్టు నాటకం: పేరున్న నటులను ఒక్కొక్కరినీ ఒక్కో ఊరి నుంచి కుదుర్చుకుని ఒక్క రాత్రికి కూర్చే ప్రదర్శన. ఇందులో ఒకే పాత్రకు ఇద్దరు ముగ్గురు ఉంటారు. పాండవ నాటకమైతే పడక సీనులో ఒక కృష్ణుడు, రాయబారంలో మరో కృష్ణుడు. రెండోది, ఊరివాళ్లే నేర్చుకుని ఆడేది. హార్మోనియం వాయించే గురువు నెలల తరబడి ఊళ్లో మకాం పెట్టి, పగలంతా పొలం పని చేసుకున్నవాళ్లకు రాత్రిళ్లు పద్యాలు నేర్పుతాడు. ఆడపాత్రలకు నటీమణులను బయటి నుంచి పిలిపిస్తారు. కంట్రాక్టు నాటకంలో పాట గొప్పగా ఉండొచ్చు గాని, ప్రేక్షకుడి గుండె కొట్టుకునేది ఊరి నాటకంలోనే. హరిశ్చంద్రుడు కాటికాపరై నిలబడినప్పుడు ఆ వేషం వేసినవాడి తల్లి, చెల్లెలు, మేనమామ ముందున్న చాపల మీదే ఉంటారు.

సంగీతం నడిచే తీరు కూడా జాగను బట్టి మారుతుంది. హార్మోనియం వేదికకు ఒక పక్కన ఉంటుంది, దానికి తబలా తోడు. పద్యం ఎత్తుగడకు ముందు హార్మోనిస్టు శ్రుతి అందిస్తాడు, నటుడు రాగం అందుకుంటాడు, చివరి పాదం తర్వాత ఆలాపన ఎంతసేపు సాగాలన్నది నటుడూ జనమూ కలిసి తేల్చుకుంటారు. బాగా వచ్చిన పద్యానికి వన్స్‌మోర్ అంటారు. కథ ఆగుతుంది, పద్యం మళ్లీ వస్తుంది. దీనివల్ల నాటకీయత దెబ్బతింటుందని విమర్శకులు చాలాకాలంగా అంటున్నారు. ఆ మాటలో నిజం ఉంది. అయినా రాత్రి తొమ్మిది పదింటికి మొదలై తెల్లవార్లూ సాగే ప్రదర్శనలో కథ అందరికీ ముందే తెలుసు. జనం వచ్చింది ఆ రాగం ఇవాళ ఈ గొంతులో ఎలా పలుకుతుందో వినడానికి. అలాంటి శ్రోతకు మరోసారి అడిగే హక్కు ఉండాలి.

ఆ హక్కుతో పాటే చదివింపులు. పద్యం పూర్తి కాగానే ఎవరో నోటు పంపుతారు, ఫలానా ఊరి ఫలానావారు ఫలానా పాత్రధారికి ఇంత అని మైకులో చదువుతారు. కొందరు స్వయంగా వేదిక ఎక్కి చొక్కాకు నోటు గుచ్చి వస్తారు. టికెట్టు లేని నాటకానికి ఇదే టికెట్టు. తేడా ఒక్కటే: డబ్బు విన్న తర్వాత చేతులు మారుతుంది. కూర్చున్న చోటుకు వెల లేదు, పాడిన పద్యానికి ఉంది.

పడమటి దేశాల్లో వెల ముందే కడతారు, అది చోటుకే. కింది అంతస్తు ముందు భాగం, మేడ మొదటి వరుస, పై బాల్కనీ, స్తంభం అడ్డొచ్చే సీటు, ఇలా ఒక్కో దానికి ఒక్కో ధర. గిరాకీని బట్టి అదే సీటు ధర రోజురోజుకూ మారడం ఇప్పుడు మామూలైంది. అయితే చవక ప్రేక్షకుణ్ణి వేదికకు దగ్గర చేసే ఆనవాయితీలు అక్కడా ఉన్నాయి. 1895లో రాబర్ట్ న్యూమన్, హెన్రీ వుడ్ లండన్‌లో మొదలుపెట్టిన ప్రామ్స్ కచేరీలు 1941 నుంచి రాయల్ ఆల్బర్ట్ హాల్లో జరుగుతున్నాయి. అక్కడ వాద్యబృందం ఎదుటి ఖాళీ జాగాలో నిలబడి వినేవాళ్లకు టికెట్టు బాగా చవక. 1996లో న్యూయార్క్ బ్రాడ్‌వేకు వచ్చిన రెంట్ సంగీత నాటకం మొదటి రెండు వరుసలను ప్రదర్శన రోజునే 20 డాలర్లకు అమ్మింది. డబ్బు తక్కువున్న కుర్రవాళ్లు ముందుంటే నాటకానికి ఊపు వస్తుందని వాళ్లు గ్రహించారు. జాతరలో చాపల మీది పిల్లలను చూసినవారికి ఇది కొత్త విషయం కాదు.

వన్స్‌మోర్ విషయంలో మాత్రం దూరం పెద్దది. అక్కడి సంగీత నాటకంలో పాట అయ్యాక చప్పట్లు కొట్టొచ్చు, మళ్లీ పాడమనే అలవాటు నేడు దాదాపు లేదు. శాస్త్రీయ వాద్య కచేరీలో రచన భాగాల మధ్య చప్పట్లు కూడా కూడదంటారు. పద్య నాటకాలతో పెరిగిన తెలుగువారు అక్కడ మొదట నేర్చుకునేది చేతులు ఒళ్లో పెట్టుకోవడం. వాయిద్యాల సూక్ష్మధ్వని ఆ నిశ్శబ్దంలోనే వినపడుతుంది కనుక ఆ మర్యాదకు అర్థం ఉంది. దాన్ని గౌరవిస్తూనే, శ్రోత నోరు విప్పే సంగీతం కూడా అంత విలువైనదేనని చెప్పాలి.

అసలు జాగే అక్కర్లేని సంగీతం ఒకటి నాగర్‌కర్నూలు జిల్లాలో ఉంది. లింగాల మండలం అవుసలికుంటకు చెందిన దర్శనం మొగులయ్య పన్నెండు మెట్ల కిన్నెర వాయిస్తూ పండుగ సాయన్న, మియాసాబ్ వంటి వీరుల కథలు పాడతారు. వెదురు బొంగుకు సొరకాయ బుర్రలు అమర్చి తయారుచేసే ఈ వాద్యం డక్కలి కళాకారుల వారసత్వం. 2021లో భీమ్లానాయక్ సినిమా పాటతో ఆయన గొంతు ప్రపంచమంతటి తెలుగువారికి చేరింది, 2022లో పద్మశ్రీ వచ్చింది. ఈ కళలో ప్రేక్షకుడు కళాకారుడి దగ్గరికి వెళ్లడు, కళాకారుడే ఇంటి ముందుకు వస్తాడు. పాట అయ్యాక ఇచ్చేది బియ్యమో, జొన్నలో, పైకమో. అలాంటి వాద్యాన్ని ఇప్పుడు ఆడిటోరియంలో మైకు ముందు పది నిమిషాలకు కుదించి వినిపించడం జరుగుతోంది. గౌరవం దక్కింది, సంతోషమే. కాని అది కథాగానం, వీరుడి కథ నడవడానికి రాత్రి కావాలి. సభలు పెట్టేవారు ఒక సాయంత్రమంతా ఒక్క కిన్నెరకే ఇవ్వడం సబబు.

కళాకారుడే కాదు, ఇక్కడి ప్రేక్షకుడూ ఊళ్లు తిరిగినవాడే. పాలమూరుకు వలస కొత్త కాదు. విమానమెక్కి వెళ్లినవారికన్నా చాలా ముందే ఆనకట్టలు, కాలువలు కట్టడానికి దేశమంతా తిరిగిన పాలమూరు కూలీలు ఉన్నారు, ముంబై చేరినవారు ఉన్నారు. పండుగకో జాతరకో ఊరు తిరిగొచ్చి చాప పరుచుకునే ఈ ప్రేక్షకులే ఈ నేల తొలి ప్రవాసులు. డాలర్ల ప్రవాసి గురించి రాసినంతగా వీళ్ల నాటకాభిమానం గురించి ఎవరూ రాయలేదు, రాయవలసిన విషయం.

పరదేశాల్లోని తెలుగు సంఘాల సభల్లో నాటకం వేరే పద్ధతిలో నడుస్తుంది. అక్కడ ముందు వరుసలు సాధారణంగా దాతలకు. విరాళం స్థాయిని బట్టి కుర్చీ, సంస్థానాల నాటి హోదా వరస మరో రూపంలో తిరిగొచ్చినట్టు. ఆ దాతలు లేకపోతే ప్రదర్శనే ఉండదు కనుక తప్పుపట్టలేం. కాని ముందు కుర్చీలు సగం ఖాళీగా ఉండి, పద్యం తెలిసిన పెద్దలు హాలు చివర కూర్చోవడం నాటకానికి నష్టం. తెర లేచిన పది నిమిషాలకు ఖాళీ కుర్చీలను వెనకవారికి వదిలే నియమం పెడితే చాలు. స్వదేశంలో సమస్య ఇంకొకటి. 1929లో తెనాలిలో పుట్టిన ఆంధ్ర నాటక కళాపరిషత్తు దారిలో సాగిన పోటీల్లో, సాంస్కృతిక శాఖల ప్రదర్శనల్లో ప్రవేశం ఉచితం కావడం అలవాటైపోయింది. కంట్రాక్టు నటుడికి చదివింపులున్నాయి, పోటీ నాటక నటుడికి అవీ లేవు. టికెట్టు కొని నాటకం చూసే తెలుగు ప్రేక్షకుణ్ణి ఎక్కువగా నిలబెట్టింది సురభివారే.

ఆ సురభి శాఖల్లో 1937లో ఏర్పడిన శ్రీ వేంకటేశ్వర నాట్యమండలిని నడిపిన రేకందార్ నాగేశ్వరరావుకు 2013లో పద్మశ్రీ వచ్చింది. అదే ఏడాది వాళ్లు ఫ్రాన్స్‌లోనూ ప్రదర్శించారు. హైదరాబాదులో వాళ్ల నాటకాలకు ఇప్పుడు ఆన్‌లైన్‌లో కూడా టికెట్టు దొరుకుతుంది. గద్వాల, వనపర్తి నుంచి సాయంత్రానికి చేరుకునే దూరమే. జాతర నాటకానికి అలా ముందుగా కొనుక్కునేది ఏమీ లేదు. సెలవులకు వచ్చేవారు బంధువులను అడిగి ఏ ఊళ్లో ఏ రాత్రి నాటకమో కనుక్కోవాలి, ఎవరు హార్మోనియం వాయిస్తున్నారో కూడా అడగాలి. నేడు మైకు పెట్టెలు వేదికకు రెండు పక్కలా నిలబెడుతున్నారు కనుక వాటి ఎదురుగా కూర్చుంటే చెవులు దిమ్మెక్కుతాయి. హార్మోనియం ఉన్న వైపు, వేదికకు కొంచెం ఎడంగా, చాప పరుచుకోవడం మంచిది. అక్కడైతే నటుడు శ్రుతి అందుకోవడానికి హార్మోనిస్టు వైపు తిరిగినప్పుడు అతని ముఖం కనిపిస్తుంది.