చేతిలో ఉన్నదీ, లేనిదీ

“నా వల్ల ఏమీ కాదు, అంతా దేవుడే చేయాలి” అనే మాట మన సంఘాల్లో తరచు వినబడుతుంది. నిజమైన వినయంతో అనేవారూ ఉన్నారు, పని తప్పించుకోవడానికి అనేవారూ ఉన్నారు. ఈ రెండింటికీ తేడా ఎక్కడుందని ఆలోచిస్తే నాకు ఒంగోలు క్లౌ దొరగారి చరిత్ర గుర్తుకొస్తుంది.

అమెరికన్ బాప్టిస్టుల తెలుగు మిషన్ 1836లో మొదలైంది. శామ్యూల్ డే దొరగారు నెల్లూరు చేరకముందు కొన్నేళ్లు మా మద్రాసులోనే పనిచేశారు. ఏళ్లు గడిచినా ఫలితం స్వల్పమే. మిషన్ మూసేయాలన్న మాట అమెరికాలో ఒకటికి రెండుసార్లు వచ్చింది.

క్లౌగారు 1866లో ఒంగోలులో స్థిరపడ్డారు. ఆయనకు సర్వే పని తెలుసు. 1876-78 కరువులో బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో సుమారు మూడు మైళ్ల కాంట్రాక్టు తీసుకుని, ఆకలితో అల్లాడేవారికి కూలి దొరికేలా చేశారు. కాని ఆ రోజుల్లో బాప్తిస్మం అడిగిన వారిని ఆగమన్నారు. కూటికోసం మతంలో చేరారన్న మాట రాకూడదని ఆయన పట్టుదల. చివరకు 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఇచ్చినవారు ఆరుగురు తెలుగు బోధకులు, ఇద్దరిద్దరు చొప్పున వంతులు మార్చుకుంటూ.

నన్ను ఆకట్టుకునేది ఆ సంఖ్య కాదు. తనకు తెలిసిన విద్యనంతా ఆయన కాలువ గట్టు మీద ధారపోశారు. మనుషుల మనసు మారే విషయంలో మాత్రం తొందరపడలేదు. మనం తరచు దీన్ని తిరగేస్తాం. చేయగలిగిన చోట దేవుడి మీద వేస్తాం, వదలవలసిన చోట దిగులు పడతాం.

ఆ దిగులు నాకూ ఉంది. మా చిన్న తెలుగు సంఘంలో వాక్యం చెప్పే వంతు నాకు నెలకోసారి వస్తుంది. నా చదువు తమిళంలో సాగింది, నా తెలుగు అమ్మ నోట విన్నది. పిల్లల్లో చాలామందికి తెలుగు చదవడం రాదు. ఆరాధన అయ్యాక అరగంట వారిచేత అక్షరాలు దిద్దిస్తున్నాం. వాళ్లలో రేపు బైబిలు తెరిచి తెలుగులో వాక్యం చెప్పేదెవరో ఆ లెక్క నాది కాదు. పలకలు కొనడం, ప్రతి ఆదివారం వాళ్ల పక్కన కూర్చోవడం మాత్రం నా పని.