అసల్ హునర్ వెనక్కి తిప్పడంలోనే

మా పాలకొల్లులో గోల్ఫ్ మైదానం లేదు. కొబ్బరి మట్టతో క్రికెట్ ఆడుకునే ఊరు మాది. అయినా ఈ ఛుట్టీల్లో మా ఇంట్లో గోల్ఫ్ మీదే బహస్.

మా భాంజా దుబాయ్‌లో ఓ గోల్ఫ్ మైదానంలో గడ్డి కోసే పనికెళ్లి మూడేళ్లయింది. డ్యూటీ అయ్యాక ప్రాక్టీసు చేసే చోట నాలుగు బంతులు కొట్టనిస్తారట. వాడికి ఆ షౌక్ పట్టుకుంది. "సాహెబుల ఆట మనకెందుకురా? దాంతో పేట్ నిండుతుందా?" అని మా ఆపాకి గుస్సా.

నేర్చుకున్నది చూపించమని వాణ్ని కొబ్బరితోటకి తీసుకెళ్లాను. మట్ట ఒకటి చెక్కి పట్టుకుని, "బంతిని కొట్టడం తర్వాత మామూ. ముందు కర్రని వెనక్కి తీసుకెళ్లడం రావాలి" అన్నాడు. దాన్నే బ్యాక్‌స్వింగ్ అంటారు.

కుడిచేతి వాటం వాళ్లకి వాడు చెప్పిన తరీఖా ఇది. కర్రని ఒక్క చేతులతోనే లేపకూడదు. మొదటి అడుగు దూరం భుజాలు, చేతులు, కర్ర కలిసే కదలాలి. ఎడమ భుజం గడ్డం కిందికి రావాలి. భుజాలు 90 డిగ్రీలు తిరిగితే నడుము అందులో సగమే తిరగాలి. మెలిపెట్టిన తాడులా, ఆ తేడాలోనే తాకత్ ఉంది. బరువు కుడిపాదం లోపలి వైపు నిలవాలి, బయటికి జారకూడదు. ఎడమచెయ్యి చాపి ఉండాలి గానీ బిగుసుకోకూడదు. మంచి ఆటగాళ్లకి కర్ర వెనక్కి వెళ్లడానికి పట్టే సమయం, కిందికొచ్చి బంతిని తాకడానికి పట్టే దానికి సుమారు 3 రెట్లుంటుంది. "జల్దీ నక్కో మామూ, ఆహిస్తా!" అంటూనే ఉన్నాడు.

సాధనకి ఖర్చేమీ లేదు. ఛాతీ మీదుగా తువ్వాలు వేసి, రెండు కొసలూ చంకల్లో ఇరికించుకుని సగం దాకా తిప్పాలి. తువ్వాలు జారిపోతే చేతులు ఒంటినుంచి విడిపోయినట్టే.

ఆపాకి అలీ షేర్ సంగతి చెప్పాను. ఢిల్లీ గోల్ఫ్ క్లబ్‌లో వేరేవాళ్ల బ్యాగులు మోసే క్యాడీగా మొదలై, అదే మైదానంలో 1991లో ఇండియన్ ఓపెన్ గెలిచాడు. 1993లో మళ్లీ గెలిచాడు. "అందరూ అలీ షేర్‌లవుతారా?" అంది. సచ్ బాత్. కారు. కానీ పొద్దున్నుంచి ఎండలో తను కోసిన గడ్డి మీద సాయంత్రం ఓ బంతి కొట్టుకునే హక్ వాడికుంది కదా.

జుమా తర్వాత వాడి ప్రయాణం. నౌక్రీ వదలొద్దన్నాను, షౌక్ కూడా వదలొద్దన్నాను. ఆపా ఇంకా నారాజ్‌గానే ఉంది. మీ ఇంట్లోనూ ఇలాంటి పిల్లలుంటే, పేట్ నిండుతుందా అని అడిగే ముందు, ఏం నేర్చుకున్నారో ఒక్కసారి చూపించమనండి.